మందులు మనం ఇవ్వాలి, మాట అమ్మదే కావాలి

ముక్క పరీక్ష (బయాప్సీ) రిపోర్టు చేతికి రాగానే చాలా ఇళ్లలో ఒకటే జరుగుతుంది. అమ్మను లోపల పడుకోబెట్టి, మిగిలినవాళ్లంతా వరండాలో చేరతారు. ‘అమ్మకు చెప్పకండి, తట్టుకోలేదు’ అని ఒకరంటారు. ‘కణితి చిన్నదేనని చెప్పేద్దాం’ అని ఇంకొకరు. ఏ ఆస్పత్రికి వెళ్లాలి, ఆపరేషన్ ఎప్పుడు, డబ్బు ఎక్కడిది, అన్నీ ఆ వరండాలోనే తేలిపోతాయి. నలభై ఏళ్లుగా ఆ ఇంట్లో ఉప్పూ పప్పూ నుంచి పిల్లల పెళ్లిళ్ల దాకా ఆవిడ మాట లేకుండా ఏదీ జరగలేదు. ఇప్పుడు తన ఒంటి విషయంలో మాత్రం ఆవిడకే అందరికంటే తక్కువ తెలుసు.

ఇదంతా ప్రేమతో చేసేదే. అందుకే దీన్ని గుర్తుపట్టడం కష్టం. జబ్బు అమ్మ ఒంటిలోని బలం తీసుకుంటుంది, పెద్దరికం మాత్రం మనమే తీసేసుకుంటాం. ఈ అధ్యాయమంతా చెప్పేది ఒక్కటే. వైద్యం నడిచినంత కాలం శ్రమ మనం పంచుకోవాలి, నిర్ణయం వాళ్లకే వదలాలి. నాన్నకు జబ్బు చేసినా ఇదే సూత్రం.

ఉదాహరణ కోసం ఒక ఇల్లు ఊహించుకుందాం. తెనాలి పక్కన ఒక ఊరు. అమ్మకు 62 ఏళ్లు, రొమ్ము క్యాన్సర్. నాన్నది వ్యవసాయం. పెద్దకొడుకూ కోడలూ హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. కూతురు విజయవాడలో ఉంటుంది. చిన్నకొడుకు అమెరికాలో ఉన్నాడు. మన దేశంలో ఆడవాళ్లకు ఎక్కువగా వచ్చే క్యాన్సర్ ఇదే కాబట్టి, ఈ ఇల్లు మనలో చాలామందికి తెలిసిన ఇల్లే.

ముందు అడగండి, తర్వాత చెప్పండి

దాచడం ఎన్నాళ్లో సాగదు. క్యాన్సర్ ఆస్పత్రి బోర్డు ఆవిడా చదువుతుంది. కీమో హాల్లో పక్క కుర్చీలోని మనిషి ‘మీకెక్కడమ్మా?’ అని పలకరిస్తుంది. అప్పటికే ఆవిడకు అర్థమై ఉంటుంది. మనం బాధపడతామని ఆవిడ తెలియనట్టు ఉంటుంది, ఆవిడ బాధపడుతుందని మనం ఏమీ లేనట్టు ఉంటాం. ఒకే ఇంట్లో ఇద్దరూ ఒంటరివాళ్లవుతారు. తన భయం చెప్పుకోవడానికి ఆవిడకు ఎవరూ ఉండరు.

అలాగని వార్తను ఒక్కసారిగా కుమ్మరించమని కాదు. ఎంత తెలుసుకోవాలనుందో ముందు అడగాలి. ఆవిడకు దగ్గరైన ఒకరు, తలుపు వేసి, టీవీ ఆపి, పక్కన కూర్చుని మాట్లాడాలి.

‘అమ్మా, రిపోర్టు వచ్చింది. అందులో ఏముందో అంతా చెప్పమంటావా, ముఖ్యమైంది చెబితే చాలా?’

‘మంచిది కాదా ఏంటే?’

‘కాదమ్మా. క్యాన్సరే. దీనికి వైద్యం ఉంది. ముందు ఏం చేస్తారో రేపు డాక్టరుగారిని నీ ఎదురుగానే అడుగుదాం. నీకేం అడగాలనుందో అదీ అడుగుదువుగాని.’

ఇంతే చాలు. ఆ తర్వాత కాసేపు మాట్లాడకుండా కూర్చోండి. ఆవిడ ఏడిస్తే ఏడవనివ్వండి. ‘ఛ ఛ, ఏడవకు, నీకేం కాదు’ అని నోరు మూయించకండి. పూర్తిగా నయమవుతుందని మీరు మాట ఇవ్వలేరు. చివరిదాకా మేం నీ వెంటే ఉంటామని ఇవ్వగలరు. నిలబెట్టుకోగలిగిన మాటే ఇవ్వండి.

‘నాకేం చెప్పకండిరా, మీరే చూసుకోండి’ అని ఆవిడంటే, అదీ ఆవిడ నిర్ణయమే. గౌరవించండి. ఆ మాట ఎన్నాళ్లకీ మారకపోవాలని లేదు కాబట్టి, వైద్యం మలుపు తిరిగిన ప్రతిసారీ మళ్లీ ఒకసారి అడగండి.

దారి మొత్తం ఒకసారి చూడండి

భయంలో సగం ‘రేపు ఏం చేస్తారో’ తెలియకపోవడం వల్ల వస్తుంది. రొమ్ము క్యాన్సర్‌కు సాధారణంగా ఆపరేషన్, కీమో, ఊళ్లో మనం ‘కరెంటు పెట్టడం’ అనే రేడియేషన్, ఆ తర్వాత బిళ్లలు ఉంటాయి. అందరికీ అన్నీ ఉండవు, వరుస కూడా ఒకటిగా ఉండదు. గడ్డ పెద్దదైతే ముందు కీమో ఇచ్చి, తర్వాత ఆపరేషన్ చేయవచ్చు. హార్మోన్లకు స్పందించే రకమైతే బిళ్లలు అయిదేళ్లో, అంతకంటే ఎక్కువో వాడాల్సి ఉంటుంది. హెర్2 అనే గుర్తు ఉన్న రకమైతే దానికి వేరే ఇంజెక్షన్లు ఉన్నాయి. అందుకే ముక్క పరీక్ష తర్వాత చేసే ఇంకొన్ని పరీక్షల కోసం డాక్టర్లు ఆగమంటారు. ఆ కొద్దిరోజులు వృథా పోవు. ఏ మందు పనిచేస్తుందో తేల్చేవి అవే.

డాక్టరు గదిలోకి అమ్మతోపాటు ఇద్దరు వెళ్లండి. ఒకరు మాట్లాడాలి, ఒకరు రాసుకోవాలి. కుర్చీలు రెండే ఉంటే ఒకటి అమ్మది. ఈ ప్రశ్నలు ముందే కాగితం మీద పెట్టుకోండి.

- ఇది ఏ రకం, ఏ దశ?
- ఈ వైద్యం జబ్బును పూర్తిగా తీసేయడానికా, అదుపులో పెట్టడానికా?
- మొత్తం ఎన్ని నెలలు? ఇందులో ఎన్ని రోజులు ఆస్పత్రిలో ఉండాలి?
- దీనివల్ల వచ్చే ఇబ్బందులేమిటి? వాటిలో వెంటనే పరుగెత్తుకు రావాల్సినవి ఏవి?
- అర్ధరాత్రి అవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి?
- ఇందులో ఏ భాగం మా ఊరి దగ్గర చేయించుకోవచ్చు?

రెండో ప్రశ్న అడగడానికి నోరు రాదు. అయినా అన్ని నిర్ణయాలూ దాని మీదే నిలుస్తాయి. ఆఖరి ప్రశ్నకూ విలువుంది. రేడియేషన్ వారానికి అయిదు రోజుల చొప్పున కొన్ని వారాలు నడుస్తుంది. ఇంటికి దగ్గరగా ఆ సౌకర్యం ఉంటే రోజూ ప్రయాణం తప్పుతుంది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి, బసవతారకం ఆస్పత్రి, విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ నడిపే హోమీ భాభా ఆస్పత్రి తెలుగువాళ్లు ఎక్కువగా వెళ్లేవే. ఇప్పుడు జిల్లా కేంద్రాల చుట్టుపక్కల కూడా కొన్నిచోట్ల కీమో, రేడియేషన్ దొరుకుతున్నాయి.

రెండో డాక్టరు అభిప్రాయం కావాలనుకుంటే మొహమాటపడకండి. అది మొదటి డాక్టరును అవమానించడం కిందికి రాదు. ముక్క పరీక్ష చేసినచోట ముక్కను భద్రపరిచిన స్లైడులూ మైనపు బ్లాకులూ అడిగి తీసుకోండి. వాటిని ఇంకోచోట మళ్లీ చూస్తారు. అవి పారేస్తే మళ్లీ ఒంట్లోంచి ముక్క తీయాల్సి రావచ్చు. ముక్క తీస్తే జబ్బు పాకుతుందనే భయంతో పరీక్షను వాయిదా వేయకండి. పరీక్ష లేకుండా సరైన మందు మొదలవదు.

ఎవరి పని వాళ్లకి

పని పంచకపోతే అది ఎప్పుడూ ఒకరి మీదే పడుతుంది. మన ఇళ్లలో ఆ ఒకరు తరచుగా కోడలో, దగ్గర్లో ఉన్న కూతురో. మిగిలినవాళ్లు ‘ఏమైనా కావాలంటే చెప్పు’ అంటారు. ఏం కావాలో చెప్పడం కూడా ఒక పనేనని వాళ్లకు తట్టదు. అందుకే మొదటి వారంలోనే అందరూ కూర్చుని, దూరంగా ఉన్నవాళ్లు వీడియోకాల్‌లో చేరి, పనులు పేర్లతో సహా రాసుకోవాలి. అమ్మ ఆ మాటల్లో ఉండాలి. ‘ఆస్పత్రికి నువ్వు రా’ అని ఎవరిని పిలవాలనుందో ఆవిడకే తెలుసు.

మన ఉదాహరణలోని ఇంట్లో ఇలా ఉండొచ్చు. డాక్టరుతో మాట్లాడేది కూతురు ఒక్కతే. అందరికీ ఆవిడే చెబుతుంది. ఇన్సూరెన్సు, లెక్కలు పెద్దకొడుకు చూస్తాడు. నాన్న బిళ్లల వేళలూ జ్వరం చూడటమూ తన చేతిలో పెట్టుకుంటాడు. ఇన్నాళ్లూ కాఫీ కూడా మంచం దగ్గరికే తెప్పించుకున్న మనిషికి ఈ పని ఇవ్వడం చాలా అవసరం. భార్య కోసం ఏదో చేస్తున్నానన్న నమ్మకం ఆయన్నీ నిలబెడుతుంది. కోడలు కీమో రోజు సెలవు పెడితే, తర్వాతి కీమోకు కొడుకు పెట్టాలి.

అమెరికాలోని చిన్నకొడుకు మాట ప్రత్యేకంగా చెప్పాలి. దూరంలో ఉన్నవాళ్ల బాధ సలహాల రూపంలో బయటికొస్తుంది. రాత్రంతా ఇంటర్నెట్‌లో చదివి, తెల్లవారేసరికి ‘ఆ మందెందుకు ఇవ్వలేదు?’ అని ఫోన్ చేస్తారు. ఇక్కడ ఆస్పత్రి కుర్చీలో రాత్రి గడిపినవాళ్లకు అది నిందలా తగులుతుంది. దూరపు పిల్లలకు రెండు మాటలు. మీ ప్రశ్నలను డాక్టరుతో మాట్లాడే ఒక్కరికే పంపండి, వారానికోసారి పంపండి. రెండోది, దూరం నుంచి చేయగల పని ఒకటి పూర్తిగా నెత్తిన వేసుకోండి. రిపోర్టులు స్కాన్ చేసి తేదీలవారీగా పెట్టడం, బిల్లులు కట్టడం, రోజూ సాయంత్రం అమ్మతో జబ్బు ఊసు లేకుండా అరగంట కబుర్లు. సెలవు దొరికితే మొదటి రోజే పరుగెత్తుకు రాకండి. అందరూ అలిసిపోయే మూడో నెలకు దాచుకోండి. అప్పుడు మీ రాక ఇంట్లో నిజంగా ఒక మనిషి బలం.

కీమో రోజుల్లో ఇల్లు

కీమో చాలావరకు 21 రోజులకోసారి ఇస్తారు, కొన్ని మందులు వారం వారం ఇస్తారు. 21 రోజుల లెక్కలో, ఇంచుమించు ఏడో రోజుకీ పధ్నాలుగో రోజుకీ మధ్య రక్తంలో తెల్లకణాలు బాగా తగ్గుతాయి. దీన్నే ‘కౌంట్స్ పడిపోయాయి’ అంటారు. ఆ రోజులను క్యాలెండర్లో ఎర్రగీతతో గుర్తుపెట్టండి. పెళ్లిళ్లు, సంతలు, జలుబు చేసిన మనవళ్లు ఆ రోజుల్లో దూరం. తర్వాతి కీమోకు కౌంట్స్ చాలక డాక్టరు వారం ఆపితే కంగారు పడకండి. అలా ఆపడం మామూలే.

ఈ అధ్యాయంలో ఒక్కటే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి. జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే, చలి వణుకు వస్తే, రాత్రి ఎంతైనా సరే వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేసి బయల్దేరండి. ‘జ్వరం బిళ్ల వేసి పొద్దున చూద్దాం’ అనే మాట ప్రాణం మీదికి తెస్తుంది. బిళ్ల వేడిని దించుతుంది, లోపలి ఇన్ఫెక్షన్ అలాగే ముదురుతుంది. తెల్లకణాలు లేనప్పుడు దాన్ని గంటల్లోనే యాంటీబయాటిక్‌తో అడ్డుకోవాలి. ఇంట్లో డిజిటల్ థర్మామీటరు ఉండాలి. రాత్రివేళ వచ్చే కారు డ్రైవరు నంబరు గోడ మీద రాసి ఉండాలి.

కొన్ని సంగతులు ముందే తెలిస్తే భయం తప్పుతుంది. ఎర్ర రంగు కీమో మందు ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా రావచ్చు. అది రక్తం కాదు, మందు రంగు. వాంతులు ఆపే బిళ్లల వల్ల మలబద్ధకం వస్తుంది. కీమోతోపాటు ఇచ్చే స్టెరాయిడ్ వల్ల షుగర్ పెరుగుతుంది, కాబట్టి షుగర్ ఉన్నవాళ్లకు ఆ వారం తరచుగా చూడాలి. కీమో అయిన రెండు రోజుల దాకా వాంతులూ మలమూత్రాలూ శుభ్రం చేసేవాళ్లు గ్లౌజులు వేసుకోవాలి, మరుగుదొడ్డిలో నీళ్లు రెండుసార్లు వదలాలి. ఆపరేషన్‌లో చంకలోని గ్రంథులు తీసేస్తే, ఆ వైపు చేతికి బీపీ పట్టీ, సూది, బిగుతు గాజులు వద్దని నర్సుకు ప్రతిసారీ గుర్తుచేయండి. రేడియేషన్ పెట్టేచోట చర్మానికి నూనె, పౌడరు, పసుపు రాయకండి. వాళ్లు గీసిన గీతలు చెరపకండి. బయటి నుంచి యంత్రంతో ఇచ్చే రేడియేషన్ ఒంట్లో మిగిలిపోదు. సాయంత్రం ఇంటికొచ్చాక మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. విడిగా కంచం, విడిగా గ్లాసు పెట్టి ఆవిడ మనసు విరవకండి.

పథ్యం పేరుతో పస్తు పెట్టకండి

జబ్బు అనగానే మన ఇళ్లలో పథ్యం మొదలవుతుంది. వంకాయ వద్దు, గుడ్డు వద్దు, పెరుగు వద్దు, చక్కెర తింటే క్యాన్సర్ పెరుగుతుంది. చుట్టాలు ఒక్కొక్కరు ఒక్కోటి తీసేస్తే కంచంలో చారన్నం మిగులుతుంది. కీమో తట్టుకోవాలంటే ఒంటికి మాంసకృత్తులు కావాలి. ముద్దపప్పు, బాగా ఉడికిన గుడ్డు, చేపలు, కోడికూర, ఇంట్లో తోడుపెట్టిన తాజా పెరుగు, పనీరు పెట్టండి. షుగర్ లేనివాళ్లకు చక్కెర మానిపిస్తే జబ్బేమీ ఆకలితో చావదు. పచ్చి కూరలు, కోసి పెట్టి అమ్మే పండ్లు, బయటి చట్నీలు, నిన్నటి కూర వద్దు. పండ్లు బాగా కడిగి, తొక్క తీసి ఇవ్వండి.

ఒక్కసారి తినలేకపోతే కొంచెం కొంచెంగా ఆరుసార్లు. నోరు పూస్తే ఆవకాయ, పచ్చికారం కొన్నాళ్లు పక్కన పెట్టి, గ్లాసు గోరువెచ్చని నీళ్లలో చిటికెడు ఉప్పు, పావు చెంచా వంటసోడా కలిపి పుక్కిలించమనండి. పసరు మందులు, ఆకు రసాలు ఎవరైనా తెచ్చిస్తే డాక్టరుకు చెప్పకుండా వాడకండి. కొన్ని కాలేయాన్ని దెబ్బతీస్తాయి, కొన్ని కీమో మందుతో కలబడతాయి. డాక్టరును మనమే అడగాలి, తిడతారేమోనని దాచకూడదు.

ఇక్కడా పెద్దరికం గుర్తుంచుకోండి. ‘నువ్వు వంటింట్లోకి రాకు’ అనే మాట సేవలా వినిపిస్తుంది, ఆవిడకు వెలిలా తగులుతుంది. ఓపిక ఉన్న రోజున వంటింట్లో కుర్చీ వేయండి. ఏం వండాలో, తాలింపులో ఏం వేయాలో ఆవిడే చెబుతుంది. బీరువా తాళాలు, పాల లెక్క, ఈసారి పొలంలో ఏం వేయాలన్న మాట, ఇంతకుముందు ఆవిడ చేతిలో ఉన్నవి ఆవిడ చేతిలోనే ఉండనివ్వండి. తినమని గొడవ కూడా వద్దు. ‘రెండు ముద్దలు తిను’ అని బతిమాలడం వేరు, ‘మా కోసమైనా తినవా’ అని తప్పు మోపడం వేరు.

జడ, బొట్టు, పరామర్శ

చాలా రకాల కీమోలకు మొదటి విడత అయిన రెండు మూడు వారాల్లో జుట్టు రాలడం మొదలవుతుంది. అయిదోతనానికి జడనీ పూలనీ గుర్తుగా ఎంచిన మన సమాజంలో ఇది ఆడవాళ్లకు ఎంత లోతుగా గుచ్చుకుంటుందో మగవాళ్లకు త్వరగా అర్థం కాదు. ‘వెంట్రుకలే కదా, మళ్లీ వస్తాయి’ అనకండి. వస్తాయి, నిజమే. అప్పటిదాకా అద్దంలో చూసుకోవాల్సింది ఆవిడ. ముందే పొట్టిగా కత్తిరించుకుంటుందా, గుండు చేయించుకుంటుందా, విగ్గా, చీర కొంగా, నూలు రుమాలా, ఆవిడనే తేల్చుకోనివ్వండి. ఇందులో భర్త పాత్ర అందరికంటే పెద్దది. ఆయన మామూలుగా ఎదురుగా కూర్చుని మాట్లాడితే, బజారుకో గుడికో వెంట తీసుకెళ్తే, మిగతా ఊరి చూపులు ఆవిడ లెక్కచేయదు.

పరామర్శకు వచ్చేవాళ్లలో మంచివాళ్లే ఎక్కువ, మాటలు తెలియనివాళ్లూ ఎక్కువే. ‘మా తోటికోడలికీ ఇదే, ఏడాది కూడా ఉండలేదు’ అనేవాళ్లు గుమ్మం దాటకముందే ఆగాలి. ఇంట్లో ఒకరు ఆ బాధ్యత తీసుకోండి. ‘పిన్నీ, డాక్టరుగారు ఈ వారం ఎవరినీ రానివ్వద్దన్నారు, వచ్చేవారం ఫోన్ చేసి రండి’ అని మర్యాదగా చెప్పొచ్చు. ఎవరు రావాలో, ఎవరికి తెలియాలో మాత్రం అమ్మను అడిగాకే.

డబ్బు మాట దాచకండి

ఖర్చు దాస్తే ఆవిడ ఊహించుకుంటుంది. ఊహ ఎప్పుడూ అసలు కంటే పెద్దది. ‘నా వల్ల పొలం అమ్ముతున్నారా?’ అని లోపల కుమిలిపోతుంది. ఒక నోటు పుస్తకంలో అంతా రాసి, ఆవిడకూ చూపించండి. ఆవిడ నగలు ఆవిడకు చెప్పకుండా తాకట్టు పెట్టకండి.

చేయి చాచడానికి ముందు హక్కుగా వచ్చేవి చూసుకోండి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ తెలంగాణలో ఆ పేరుతోనే ఉంది, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఈ పథకాల్లో ఉన్నాయి. మీరు వెళ్లే ఆస్పత్రి పథకం జాబితాలో ఉందో లేదో, మీకు వర్తిస్తుందో లేదో చేరకముందే అక్కడి ఆరోగ్యమిత్ర కౌంటరులో అడగండి. 70 ఏళ్లు నిండినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా వైద్యానికి ఆయుష్మాన్ భారత్ కార్డు 2024 నుంచి ఉంది. వైద్యానికి వెళ్లే క్యాన్సర్ రోగులకు రైల్లో స్లీపరు, థర్డ్ ఏసీ చార్జీ పూర్తిగా మాఫీ, తోడు వెళ్లే ఒకరికీ రాయితీ ఉంది. దానికి ఆస్పత్రి సంతకం చేసిన ఫారం కావాలి. పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కట్టే పిల్లలు 60 ఏళ్లు దాటిన తల్లిదండ్రుల క్యాన్సర్ వైద్యానికి పెట్టిన ఖర్చులో లక్ష రూపాయల దాకా మినహాయింపు పొందవచ్చు.

చూసుకునేవాళ్ల సంగతి

నెలల తరబడి సాగే పనికి మొదటి వారం ఆవేశం సరిపోదు. చూసుకునేవాళ్లకు వారంలో ఒక పూట పూర్తి సెలవు ఉండాలి. ఆ పూట ఇంకొకరు రావాలి. నిద్ర పట్టకపోతే, ఊరికే కోపం వస్తుంటే, ఏడుపు ఆగకపోతే అది బలహీనత అనుకోకండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఈ సాయం అమ్మకూ వర్తిస్తుంది.

నొప్పి విషయంలో కూడా ఓర్చుకోవడం గొప్ప అనుకోకండి. పాలియేటివ్ కేర్ అంటే చివరి రోజుల వైద్యమని చాలామంది భయపడతారు. నొప్పి, ఆయాసం, వాంతులు, దిగులు తగ్గించే ఆ విభాగాన్ని వైద్యం మొదట్లోనే కలవొచ్చు, కీమోతోపాటే నడుస్తుంది. డాక్టరు మార్ఫిన్ రాస్తే రోజులు దగ్గరపడ్డాయని అర్థం కాదు, నొప్పి ఎక్కువగా ఉందని అర్థం.

జబ్బు లొంగకపోయే రోజు కొన్ని ఇళ్లకు వస్తుంది. ఇంకో కీమోకు వెళ్లాలా, ఇంటి దగ్గర హాయిగా ఉండాలా అన్న ప్రశ్న అప్పుడు ఎదురవుతుంది. పిల్లలు ‘చివరిదాకా పోరాడాం’ అనిపించుకోవడానికి జవాబు చెప్పకూడదు. మొదటి రోజు నుంచీ ఆవిడతో నిజం మాట్లాడిన ఇంటికి ఆ రోజున అడిగే ధైర్యం ఉంటుంది. ఇన్నాళ్లూ దాచిన ఇంటికి ఆ మాట ఎత్తే దారే ఉండదు. నిజం చెప్పడం మొదటి రోజే మొదలుపెట్టమన్నది అందుకే.

ఈ వారం చేయాల్సినవి

1. అమ్మతో ఒంటరిగా కూర్చుని, ఎంత తెలుసుకోవాలనుందో అడగండి.
2. డాక్టరుకు వేయాల్సిన ప్రశ్నల్లో మొదటిది ఆవిడ చేత రాయించండి.
3. రిపోర్టులన్నీ తేదీల వరుసలో ఒక ఫైల్లో పెట్టండి. ముందు పేజీలో వాడుతున్న మందులు, పడని మందులు, బ్లడ్ గ్రూపు, ఆస్పత్రి అత్యవసర నంబరు రాయండి.
4. థర్మామీటరు కొనండి. 100.4 అంకె ఇంట్లో అందరికీ కంఠస్థం రావాలి.
5. పనుల పట్టిక పేర్లతో రాసి గోడకు అంటించండి. అందులో అమ్మ చేసే పని కూడా ఒకటి ఉండాలి.
6. జబ్బు మాట ఎత్తకుండా ఆవిడతో గడిపే ఒక గంటను రోజులో ఖాయం చేసుకోండి.

ఆరింటిలో ఏది ముందు చేయాలో తెలియకపోతే మొదటిదే చేయండి. ఆ ఒక్క సంభాషణ జరిగితే మిగిలిన అయిదింటికీ దారి ఆవిడే చెబుతుంది. మీ ఇంట్లో ఇన్నాళ్లూ దారి చెప్పింది ఆవిడే కదా.